ఇసుకబల్ల మొదలు ఉపగ్రహము వరకు: బడిపంతులు చేతి పనిముట్లు

బడి యనగనే పంతులు, పిల్లలు, పుస్తకము జ్ఞప్తికి వచ్చుట సహజము. ఈ మూటిని ఒకచోట కలిపిన పనిముట్లను గూర్చి మాత్రము మనవారు అంతగా వ్రాయలేదు. ఇసుక, బలపము, పలక, నల్లబల్ల, రేడియో, టెలివిజను, కంప్యూటరు, ఇప్పటి సెల్ ఫోను, ఇవన్నియు ఒకదాని వెంట నొకటి బడిగుమ్మము త్రొక్కినవే. వచ్చిన ప్రతి పనిముట్టును ఉపాధ్యాయుడు నేర్చుకొనవలసి వచ్చినది. కొందరు నేర్చిరి, కొందరు వలదనిరి, కొందరికి నేర్చుకొను అవకాశమే కలుగలేదు. బళ్ళారిలోను, హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను నాటుకొనిపోయి, పిల్లలకు నాలుగు తెలుగు ముక్కలు చెప్పించుకొనవలెనని తపించు కుటుంబములకు ఈ కథ పరాయిది కాదు. విశేషమేమన, దీని తొలి ఘట్టములు రెండును మనవారు తరతరములుగా నివసించుచున్న పట్టణములతో ముడిపడినవి. ఒకటి చెన్నపట్టణము, రెండవది బళ్ళారి.

చెన్నపట్టణమున ఎగ్మూరునందు సైనికుల అనాథ బాలురకై 1789లో ఒక శరణాలయము నెలకొల్పబడెను. దాని పర్యవేక్షణ భారము వహించినవాడు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు, క్రైస్తవ మతాచార్యుడు. ఆయన ఒకనాడు దారిని పోవుచు, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు నేలపై పఱచిన ఇసుకలో వ్రేళ్ళతో అక్షరములు దిద్దుచుండుట చూచెను. కాగితము లేదు, కలము లేదు, సిరా లేదు. తప్పు వచ్చినచో అరచేతితో ఒక్కసారి తుడిచిన చాలును. బెల్ దొర సంతోషముతో తిరిగివచ్చి, తన బడిలో అక్షరములు నేర్పు ఉపాధ్యాయులను అట్లే నేర్పుడని ఆజ్ఞాపించెను. వారు అది జరుగు పని కాదనిరి. దొర వారితో వాదించి లాభము లేదని తలచి, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునకు ఆ తరగతి నప్పగించెను. అతడొక సామాన్య సిపాయి కొడుకు. పెద్దలు కానేరదన్న పని ఆ పిల్లవాడు చేసి చూపెను. బెల్ స్వదేశమునకు మరలి 1797లో ఈ ప్రయోగమును గూర్చి గ్రంథము ప్రకటించెను. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పు ఆ విధానము ఇంగ్లండులో మద్రాసు పద్ధతి యను పేర వ్యాపించినది.

ఈ కథను చెప్పువారందరును ఎగ్మూరు ఉపాధ్యాయుల మొండితనమును చూచి నవ్వి ఊరకుందురు. నాకు వారియందు కొంత జాలి కలుగుచున్నది. ఇసుకలో దిద్దించుట దేశీయ పంతులునకు తాతల నాటినుండి వచ్చిన విద్య. వ్రేలు తిరుగుచున్నంతసేపును అక్షరమును నోట పలికింపవలెను. చేయి, నోరు, చెవి ఒకేసారి పని చేయవలెను. పిల్లవాని వ్రేలు పట్టి దిద్దించు సమయమేదో, విడువవలసిన సమయమేదో ఎరుగవలెను. దొర కంట బడినది ఇసుక. ఇసుక వెనుక నున్న నేర్పు ఆ ఉపాధ్యాయులకు ఎవరును చూపలేదు. ఆజ్ఞ వచ్చినది గాని శిక్షణ రాలేదు. ఇట్టి ఆజ్ఞలు అటుపిమ్మట రెండు వందల సంవత్సరములు వచ్చుచునే యున్నవి.

ఇక బళ్ళారి సంగతి. సర్ టామస్ మన్రో మద్రాసు గవర్నరుగా నుండి 1822 జూన్ 25వ తేదీని, రాజధానియందలి ప్రతి జిల్లాలో బడులెన్ని, చదువరులెందరు అని లెక్క తీయింపవలసినదని ఉత్తరువు చేసెను. జిల్లా కలెక్టర్లలో అనేకులు అంకెలు పంపి చేతులు దులుపుకొనిరి. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ అట్టివాడు కాడు. ఆయన 1816లో తెలుగు వ్యాకరణమును, తరువాత తెలుగు నిఘంటువును ప్రకటించిన భాషాభిమాని. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదిక నాటి వీథిబడి ఎట్లుండెనో కన్నులకు గట్టించును.

ఆ జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641. బడులలో కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226, మరాఠీ 23, సంస్కృతము 23, పారసీకము 21, తమిళము 4, ఇంగ్లీషు 1. కన్నడమునకును తెలుగునకును నడుమ తొమ్మిది బడులే తేడా! అప్పటి బళ్ళారి జిల్లాలో అనంతపురము కూడ చేరియుండెనని పాఠకులు గమనింపవలెను. అనంతపురము 1882లో వేఱుపడినది. 1953లో ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి తక్కిన తాలూకాలతో మైసూరునకును పోయినవి. ఒకే వీథిలో రెండు భాషల బడులు నడచిన ఆ సీమలో ఏ రాష్ట్రపు గీత గీసినను రెండవ భాషవారు కొందరు గీతకు అవతల మిగులుట తప్పదు. ఈ సంచిక చదువు కన్నడ నాటి కుటుంబములలో పెక్కింటి పూర్వులు ఆ 226 బడుల అరుగులమీద కూర్చున్నవారే కావచ్చును.

ఉదయము మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవాడు మొదలు దెబ్బలు ఒకటి రెండుగా పెరుగుననియు కాంబెల్ దొర వర్ణించెను. మన పెద్దలలో ఈ ఆచారమును ఎఱిగినవారు ఇటీవలి వరకును ఉండిరి. పిల్లవాడు మొదట ఇసుకలో దిద్దును. చేయి కుదిరిన పిదప ఇతర సాధనములకు పోవును. తెలుగువారు కడితమని పిలుచు సాధనము వీనిలో ముఖ్యమైనది. గుడ్డకు బొగ్గుపొడి కలిపిన జిగురు పట్టించి, ఆరిన తరువాత మడతలు పెట్టినచో నల్లని పుస్తకమగును. దానిపై బలపముతో వ్రాసి, చెఱిపి, మరల వ్రాయవచ్చును. కరణములు, కోమట్లు లెక్కలు వ్రాసుకొనుటకును ఇదియే ఆధారము. అనగా బడిలో పిల్లవాడు పట్టిన పనిముట్టే రేపు అంగడిలో చేతికి వచ్చును. చదువునకును బ్రదుకునకును నడుమ అంతటి దగ్గఱితనము తరువాత వచ్చిన సాధనములలో అరుదు.

ఇంత తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పుటయు, ముందున్నవాడు వెనుకవానికి చెప్పుచు తన చదువును గట్టిపఱచుకొనుటయు మెచ్చదగినవనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియే యున్నదనియు కాంబెల్ వ్రాసెను. పిమ్మట ఆయన అసలు లోపమునకు వచ్చెను. లోపము సాధనములలో లేదు. పిల్లలు వల్లించు పద్యకావ్యముల భాష వాడుకభాషకు దూరము. పిల్లవానికి అర్థము కాదు, పెక్కు తావుల పంతులునకును కాదు. వ్రాతప్రతుల నిండ తప్పులు. ఇసుక మంచిదే, కడితము మంచిదే. వానిపై దిద్దునది మాత్రము చిలుకపలుకు. భాషాశాస్త్రము తెలిసిన కలెక్టరు గనుక ఆ సూక్ష్మమును పట్టగలిగెను. బడులు తఱుగుటకు కారణములలో నేతగాండ్ర పేదఱికమును కూడ ఆయన దాచక చెప్పెను. సీమగుడ్డలు వచ్చి మగ్గములు పడిపోగా, జీతమిచ్చి పిల్లలను చదివించు శక్తి ఆ కుటుంబములకు లేకపోయెను.

మన్రో ఈ నివేదికలను చదివి 1826 మార్చి 10వ తేదీని తన అభిప్రాయము వ్రాసెను. రాజధాని మొత్తమున 12,498 బడులున్నవని తేలినది. ఆయన మొదట కోరినది ఉపాధ్యాయుల శిక్షణ. చెన్నపట్టణమున ఒక ప్రధాన పాఠశాలలో పంతుళ్ళను తీర్చి జిల్లాలకును తాలూకాలకును పంపవలెనని ఏర్పాటు. మరుసటి యేడు 1827 జూలై 6న మన్రో కర్నూలు సీమలోని పత్తికొండలో విషూచితో మరణించెను. ఆయన పథకము కుంటుచు కొన్నాళ్ళు నడచి 1836లో రద్దయినది. చెన్నపట్టణమున దొరతనమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల వెలయుటకు మఱి ఇరువది యేండ్లు పట్టి 1856 వచ్చినది. ఈ లోపల పంతులు తనకు తోచినట్లు నేర్చుకొనెను.

తరువాతి కాలమున ఇసుకను, కడితమును పలక వెడలగొట్టెను. ప్రకాశము జిల్లా మార్కాపురము గనులనుండి పలకలు దేశమంతటికి పోయినవి. రాష్ట్రము వెలుపలి తెలుగు బడికి మాతృదేశమునుండి తప్పక చేరిన వస్తువు చిరకాలము అదొక్కటే యనిన అతిశయోక్తి కాదేమో! పలక ఏ భాషయు ఎఱుగదు. ఏది వ్రాసిన అదియే. నల్లబల్లయు అంతే. వాని తరువాత వచ్చిన యంత్రములకు మాత్రము సొంత గొంతు కలదు. ఆ గొంతు ఏ భాషలో పలుకును అను ప్రశ్న అప్పటినుండియే పుట్టినది.

ఆ గొంతులలో మొదటిది రేడియో. మైసూరులో మనస్తత్త్వశాస్త్ర ఆచార్యుడైన ఎం. వి. గోపాలస్వామి 1935లో తన యింటనే చిన్న ప్రసారయంత్రము నెలకొల్పి, ఆ కేంద్రమునకు ఆకాశవాణి యని పేరిడిరి. ఉపాధ్యాయుడొకడు యంత్రము వచ్చువరకు కాచుకొని కూర్చుండక తానే తెచ్చి నిలిపిన సందర్భమిది. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమైనది. బరంపురమున జన్మించిన న్యాయపతి రాఘవరావుగారు ఆ కేంద్రమునుండి రేడియో అన్నయ్యగా తెలుగు పిల్లలకు పరిచితులైరి. రేడియో అక్కయ్య ఆయన సతీమణి కామేశ్వరిగారు. నేడు ఒడిషాలో నున్న ఊరివారు తమిళనాటి కేంద్రమునుండి తెలుగు దేశమంతటి పిల్లలకు అన్నయ్య అగుట రేడియోకే చెల్లినది. గాలికి పొలిమేరలు లేవు.

రేడియో పాఠము పంతులునకు ఒక క్రొత్త చిక్కు తెచ్చెను. గడియారము ప్రకారము అది మొదలగును, ఆగుమన్న ఆగదు, పిల్లవాడు ప్రశ్న వేసిన బదులు చెప్పదు. కావున ప్రసారమునకు ముందు విషయమును పరిచయము చేయుట, తరువాత మిగిలిన సందేహములు తీర్చుట పంతులుగారి పని. అది చేసినచోట రేడియో పాఠమైనది, చేయనిచోట కాలక్షేపమైనది.

దీనికంటె గొప్ప పరీక్ష 1975లో వచ్చినది. విక్రమ్ సారాభాయి తలపెట్టగా, 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒడంబడిక జరిగి, 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31 వరకు సరిగా ఒక్క సంవత్సరము, ఆ దేశపు ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము మన పల్లెలకు పాఠములు కురిపించెను. దీనినే సైట్ ప్రయోగ మందురు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిషా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అను ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలు. హిందీ, తెలుగు, కన్నడము, ఒడియా అను నాలుగు భాషలు. పల్లెలో కోళ్ళ దొడ్లకు చుట్టు వలకంచె వంటి తీగవలతో మూడు మీటర్ల వెడల్పు గొడుగు అమర్చి, దానిక్రింద టెలివిజను పెట్టిరి. ఆ యంత్రములను తయారు చేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. తెలుగు, కన్నడ కార్యక్రమములు రెండును హైదరాబాదు కేంద్రముననే తయారైనవి. ఒడియావి కటకమున సిద్ధమైనవి.

ప్రొద్దున గంటన్నర సేపు బడిపిల్లలకు. అందు ఒక్కొక్క భాషకు దాదాపు ఇరువది రెండున్నర నిమిషములు. యంత్రమును పలుచోట్ల బడిలోనే ఉంచిరి. పంతులుగారే దాని సంరక్షకుడు, తాళపుచెవి ఆయన చేతనే. పల్లెవారు టెలివిజనును చూచుట అదియే మొదలు, పంతులుగారికిని అంతియే. ఇక్కడ సైట్ నిర్వాహకులు బెల్ దొర చేయని పని యొకటి చేసిరి. 1975 అక్టోబరులోను, మరల 1976లోను ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో పన్నెండు దినముల శిక్షణ ఏర్పాటు చేసిరి. రెండు విడతలలో చేరినవారు సుమారు 50,000 మంది. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలివారు దానిని రూపొందించిరి. ఉపాధ్యాయులు టెలివిజనులో పాఠము చూచుట, రేడియోలో వినుట, అచ్చుకాగితములు చదువుట, చుట్టుప్రక్కల దొరకు వస్తువులతో ప్రయోగములు తామే చేయుట, దగ్గఱనున్న అనుభవజ్ఞునితో చర్చించుట, ఇవన్నియు ఒకదానితో నొకటి అల్లుకొని యుండెను. యంత్రము మాట చెప్పి విడువలేదు; పంతులుగారి చేతులచేత పని చేయించెను. అంతటి విస్తారమైన ఉపాధ్యాయ శిక్షణ ఉపగ్రహము ద్వారా జరుగుట మన దేశమున అదియే మొదలు. సైట్ ప్రయోగమును గూర్చి ఎందరో ఎన్నో వ్రాసిరి గాని, నా దృష్టిలో దాని మేటి అధ్యాయము ఇదియే. సాయంకాలపు నాటకములు గాని, వ్యవసాయ ప్రసంగములు గాని దీనికి సరి రావు.

ఇందు మన వంటి వారికి సంబంధించిన ముడి యొకటి కలదు. ఉపగ్రహము ఒక బొమ్మతో పాటు రెండు ధ్వనులను మోయగలదు. అనగా ఒకే దృశ్యమునకు రెండు భాషలను వినిపింపవచ్చును. సాధనమునకు ఆ శక్తి యున్నను, ఏ పల్లెకు ఏ భాష యనునది రాష్ట్రమును బట్టి నిర్ణయమైనది. కర్ణాటకలో ఎన్నికైనవి రాయచూరు, గుల్బర్గా, బిజాపురము జిల్లాలు. రాయచూరు సీమలో తెలుగు మాటాడు కుటుంబములు ఎన్ని యున్నవో పాఠకులకు చెప్పనక్కఱలేదు. ఆ యింటి పిల్లలకు వచ్చిన ఆకాశపాఠము కన్నడము. కన్నడము నేర్చుట వారికి మేలే. ఆ నేలపై బ్రదుకువారు ఆ భాష నేర్వక తీఱదు. ఐనను పాఠములోని మాటకును ఇంటిలోని మాటకును వంతెన వేయు పని రెండు భాషలు వచ్చిన పంతులుగారిపై పడెను. ఆయనకు ఆ పనిలో శిక్షణ ఏ ఉపగ్రహమునుండియు రాలేదు.

అటుపిమ్మటి యంత్రములను గూర్చి త్వరగా చెప్పవచ్చును. 1983లో ఇన్సాట్-1బి ఎగిరినది. తెలుగు, ఒడియా, మరాఠీ మొదలగు భాషలలో పాఠశాల కార్యక్రమములు ప్రసారమైనవి. 1984లో కొన్ని వందల ఉన్నత పాఠశాలలకు బ్రిటనునుండి బి.బి.సి. మైక్రో అను కంప్యూటరు వచ్చినది. దాని పాఠములు దాదాపు అన్నియు ఇంగ్లీషున. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎగిరిన ఎడ్యుశాట్ కేవలము విద్య కొఱకే యుద్దేశింపబడినది. దానిని మొదట వాడుకొన్న బడులలో కర్ణాటకయందలి చామరాజనగర్ జిల్లా ప్రాథమిక పాఠశాలలు కలవు. 2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయులకై దీక్ష అను అంతర్జాల వేదిక వెలసెను. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడగా, ఫోను చేత పట్టనివాడు పాఠమే చెప్పలేని స్థితి వచ్చినది. ఎగ్మూరు ఉపాధ్యాయులు కాదనగలిగిరి. 2020 నాటి ఉపాధ్యాయులకు ఆ స్వేచ్ఛయు లేకపోయెను.

ఆ దినములలో స్వరాష్ట్రము వెలుపలి తెలుగు పంతులునకు కలిగిన ఇబ్బంది వేఱు. హైదరాబాదునుండి, విజయవాడనుండి తెలుగు పాఠములు కొల్లలుగా వచ్చినవి; హోసూరులోనో, ముంబయిలోనో ఫోనులో అవి దొరకును. కాని ఆ పాఠములు ఆ రాష్ట్రముల వాచకముల ననుసరించినవి. తమిళనాట తెలుగు పిల్లవాని గణితపు వాచకము వేఱు, మహారాష్ట్రమున వేఱు. యానాము బడులు చాలకాలము ఆంధ్రప్రదేశ్ పాఠ్యక్రమమునే అనుసరించినందున అక్కడ ఈ చిక్కు తక్కువ. ఇతరత్ర పంతులుగారు పాఠమును చూచి, తన వాచకముతో పోల్చి, పనికివచ్చు భాగము నేఱి, తక్కినది విడిచి పెట్టవలెను. ఇది ఫోను మీటలు నొక్కుట నేర్చినంత సులభము కాదు. రాజ్యాంగములో 1956లో చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ మాట వ్రాసిననాడు సౌకర్యమనగా గది, పంతులు, వాచకము. నేడు ఆ పంతులునకు ఆ భాషలోనే శిక్షణ, ఆ వాచకమునకే సరిపడు డిజిటల్ పాఠము కూడ అందులోనివే యని మన సంఘములు అడుగవలసి యున్నది. అడిగిన సంఘములు కొన్ని లేకపోలేదు. అడుగుట ఆలస్యమైనచోట తెలుగు విభాగమే మూతపడిన తరువాత అర్జీ చేరినది.

ఈ విషయమున షోలాపురము జిల్లా కథ యొకటి చెప్పవలసి యున్నది. మగ్గములతో వలసపోయిన మన పద్మశాలీ కుటుంబములు వేలకొలది స్థిరపడిన జిల్లా అది. కథలోని పిల్లలు మాత్రము తెలుగువారు కారు. మాఢా తాలూకాలో పరితేవాడి యను పల్లెకు 2009లో రణజిత్ సింహ్ డిసలే అను యువకుడు ఉపాధ్యాయుడుగా పోయెను. బడి పశువుల కొట్టమునకును సామానుల గదికిని నడుమ శిథిలమై యుండెను. పిల్లల ఇంటిభాష కన్నడము, వాచకము మరాఠీ. బాలికలలో పెక్కురు బడికే రాకుండిరి. ఆయన మొదట కన్నడము నేర్చుకొనెను. పిదప వాచకములను పిల్లల భాషలోనికి మార్చెను. అటు తరువాతనే ఆ పుటలపై నలుపు తెలుపు గడుల క్యూ.ఆర్. గుర్తులను ముద్రించెను, ఫోను చూపినచో ఆ పుటకు సంబంధించిన పాటయో, ఉపన్యాసమో, కథయో, అభ్యాసమో తెఱచుకొనును. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వము తన వాచకములన్నిటను ఆ గుర్తులను ప్రవేశపెట్టెను. 2020 డిసెంబరులో ఆయనకు పది లక్షల డాలర్ల ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారము వచ్చినది. అందు సగము తనతో తుదివరకు పోటీలో నిలిచిన తొమ్మండుగురు ఉపాధ్యాయులకు పంచిపెట్టెను.

క్యూ.ఆర్. గుర్తు సంగతి పత్రికలన్నియు వ్రాసినవి. కన్నడము నేర్చుకొనుట కాయనకు ఎన్నినాళ్ళు పట్టెనో, ఆ పల్లెలో ఎవరు నేర్పిరో తెలిసికొనవలెనని నాకు కుతూహలము.